నీళ్ళలోంచి లేచిన మనిషి: ‘ఎలిప్పత్తాయం’ ముగింపుపై ఒక పరిశీలన

ఒక కళాఖండం ముగింపు అస్పష్టంగా ఉందంటే దానికి రెండు కారణాలుండవచ్చు. చెప్పదలచుకున్నదేమిటో కళాకారుడికే తెలియకపోవడం ఒకటి. చెప్పదలచుకున్న విషయం జీవితంలోనే ఇంకా తేలకపోవడం రెండోది. మొదటిది లోపం. రెండోది నిజాయితీ. ఈ రెంటికీ ఉన్న తేడా గమనించకుండా, అస్పష్టత కనిపించిన చోటల్లా ‘మేధావుల సినిమా’ అని విసుక్కోవడమో, అర్థం కాకపోయినా ‘గొప్ప కళ’ అని తలలూపడమో మన విమర్శలో తరచు జరుగుతున్న పొరపాటు. అడూర్ గోపాలకృష్ణన్ 1981లో తీసిన మలయాళ చిత్రం ‘ఎలిప్పత్తాయం’ ముగింపును ఆధారం చేసుకుని ఈ సమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఊళ్ళో సాహిత్య మిత్రులం కొందరం ఒక ఆదివారం సాయంత్రం కలిసి ఈ చిత్రం చూశాం. ఎక్కువమంది ఉపాధ్యాయులు, ఇద్దరు ముగ్గురు బ్యాంకు ఉద్యోగులు, కొందరు కాలేజీ విద్యార్థులు. సినిమా రెండు గంటలు నడిచింది. ఆ తర్వాత చర్చ అంతకన్నా ఎక్కువసేపు నడిచింది. చర్చంతా చివరి దృశ్యం మీదే. ఒకే దృశ్యాన్ని చూసిన పాతికమందిమి మూడు నాలుగు రకాలుగా చీలిపోయాం. ఇంటికి వచ్చాక కూడా ఆ చర్చ నన్ను వదలలేదు. దానికి కారణం ఏమిటో చివర చెబుతాను.

1

చిత్రం చూడని పాఠకుల కోసం కథ క్లుప్తంగా చెప్పాలి.

దక్షిణ కేరళలో ఒక పాత నాయర్ తరవాడు. తరవాడు అంటే ఉమ్మడి కుటుంబం నివసించే పెద్ద ఇల్లు, ఆ ఇంటికి చెందిన భూమి, ఆ వంశం అన్నీ కలిపి. ఒకప్పుడు ఎంతోమంది ఉన్న ఆ ఇంట్లో ఇప్పుడు ముగ్గురే మిగిలారు. ఇంటిపెద్ద ఉణ్ణి, అతని చెల్లెళ్ళు రాజమ్మ, శ్రీదేవి. పెద్దక్క జానమ్మ పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంది. ఉణ్ణి మధ్యవయస్కుడు, పెళ్ళి కాలేదు, ఏ పనీ చెయ్యడు. పొలం మీద వచ్చే ధాన్యం, కొబ్బరి తింటూ వసారాలో కూర్చుని పత్రిక చదువుతాడు. ఒంటికి నూనె రాసుకుంటాడు. ఏది కావాలన్నా రాజమ్మను పిలుస్తాడు. వాకిట్లోకి ఆవు వచ్చినా దాన్ని తోలడానికి రాజమ్మే రావాలి. రాజమ్మకు పెళ్ళి సంబంధాలు వస్తే మన అంతస్తుకు తగవని తోసేస్తాడు. అంతస్తు ఒక సాకు. ఆమె వెళ్ళిపోతే నీళ్ళు కాచేదెవరు?

ఇంట్లో ఎలుకలు ఎక్కువయ్యాయి. శ్రీదేవి పాత చెక్కబోను పెడుతుంది. ఎలుక పడినప్పుడల్లా బోను పట్టుకుని ఇంటి కొలను దగ్గరికి వెళ్ళి నీళ్ళలో ముంచుతుంది. ఇది చిత్రంలో మళ్ళీ మళ్ళీ వచ్చే దృశ్యం. జానమ్మ తన వాటా అడుగుతుంది. ఉణ్ణి కాదనడు, ఔననడు. కొన్నాళ్ళకు శ్రీదేవి ఎవరితోనో వెళ్ళిపోతుంది. అప్పుడు కూడా ఉణ్ణి కదలడు. రాజమ్మ జబ్బుపడుతుంది. నొప్పితో మెలికలు తిరుగుతున్నా అతను పట్టించుకోడు. చివరికి ఊరివాళ్ళు వచ్చి ఆమెను మోసుకుపోతారు. ఆమె మళ్ళీ తెర మీద కనిపించదు. ఉణ్ణి తలుపులు బిగించుకుని చీకటింట్లో ఒంటరిగా మిగిలిపోతాడు.

ఒక రాత్రి కొందరు మనుషులు ఆ ఇంట్లోకి వస్తారు. ఉణ్ణి గదిలోంచి గదిలోకి పరుగెత్తుతాడు, ఎలుకలాగే. వాళ్ళు పట్టుకుంటారు. మోసుకెళ్ళి, శ్రీదేవి ఎలుకల్ని ముంచిన ఆ కొలనులోనే పడేస్తారు. అతను మునిగి, నీళ్ళలోంచి పైకి లేస్తాడు. వణుకుతూ నిలబడతాడు. చిత్రం అక్కడ ఆగిపోతుంది.

2

ఈ ముగింపుకు మా చర్చలో వచ్చిన వ్యాఖ్యానాలు మూడు.

మొదటిది మనలో ఎక్కువమందికి తేలిగ్గా తోచేది. ఉణ్ణి భూస్వామ్య వర్గానికి ప్రతీక, ఇల్లు ఆ వ్యవస్థకు ప్రతీక, రాత్రి వచ్చినవాళ్ళు ప్రజలు. వాళ్ళు అతన్ని ఎలుకలా ముంచేశారు. కాబట్టి ఇది భూస్వామ్య పతనం.

రెండోది సంప్రదాయానికీ ఆధునికతకూ రాజీ కుదిర్చే వ్యాఖ్యానం. నీరు శుద్ధికి ప్రతీక. మునిగినవాడు పాత మనిషి, లేచినవాడు కొత్త మనిషి. సంప్రదాయం ఆధునికత అనే నీళ్ళలో స్నానం చేసి, మురికి వదుల్చుకుని బతికి బయటపడింది.

మూడోది మనస్తత్వ వ్యాఖ్యానం. రాత్రి ఎవరూ రాలేదు, వచ్చినవాళ్ళ ముఖాలు కూడా మనకు గుర్తుండవు, అదంతా ఒంటరివాడి భయంలో పుట్టిన పీడకల. ఇందులో సమాజాన్ని వెతకనక్కరలేదు.

ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కాని మూడూ ఏదో ఒకదాన్ని వదిలేస్తున్నాయి. మొదటి వ్యాఖ్యానం ఉణ్ణి మునగడం దాకా చూసి, లేవడం చూడలేదు. రెండోది లేవడం చూసింది కాని, లేచినవాడి వణుకు చూడలేదు. మూడోది ఉణ్ణిని మాత్రమే చూసి, ఆ కొలనును మరిచిపోయింది. పీడకల అయినా సరే, ఆ కలలో అతను మునిగింది తన చెల్లెలు ఎలుకల్ని ముంచిన నీళ్ళలోనే. మనిషి భయానికి కూడా ఒక చిరునామా ఉంటుంది. అది అతను బతికిన సమాజంలోనే ఉంటుంది.

ప్రతీకను వ్యాఖ్యానించేటప్పుడు మనం పాటించవలసిన నియమం ఒకటుంది. ప్రతీకకు అర్థం బయటినుంచి తెచ్చి అంటించకూడదు. ‘నీరంటే శుద్ధి, ఎరుపంటే విప్లవం, పక్షి అంటే స్వేచ్ఛ’ అని ఒక పట్టిక రాసిపెట్టుకుని ప్రతి కళాఖండానికీ అదే పట్టిక వాడటం విమర్శ కాదు. ఆ వస్తువు ఆ కథలో ఏ పని చేసిందో ముందు చూడాలి. అందుకు ముందుగా ఆ బోనునే చూద్దాం.

3

చిత్రం పేరులోనే గమనించదగ్గ విషయం ఉంది. మలయాళంలో ‘ఎలి’ అంటే ఎలుక. ‘పత్తాయం’ అంటే ధాన్యం దాచే గాదె. రెండూ కలిసి ‘ఎలిప్పత్తాయం’ అయితే ఎలుకబోను. మనకు గాదె వేరు, బోను వేరు. మలయాళ ప్రేక్షకుడికి మాత్రం బోను పేరులోనే గాదె వినిపిస్తుంది. దర్శకుడు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా ఈ ఒక్కమాటలో ఆ వ్యవస్థ చరిత్రంతా ఉంది. ఇతరుల శ్రమ ధాన్యంగా వచ్చి పడినంతకాలం ఆ ఇల్లు గాదె. ఆ రాబడి సన్నగిల్లాక కూడా గాదెను పట్టుకు వేళ్ళాడే మనిషికి అదే ఇల్లు బోను. ఎలుక బోనులోకి ఎందుకు పోతుంది? లోపల తిండి ఉందని. ఉణ్ణిని ఎవరూ ఆ ఇంట్లో బంధించలేదు. పని చెయ్యకుండా దొరికే తిండే అతన్ని బంధించింది.

అడూర్ తీసిన మొదటి రంగుల చిత్రం ఇది. రంగులు కూడా ఆయన ఆలోచించి వాడాడు. జానమ్మకు ఆకుపచ్చ, రాజమ్మకు నీలం, శ్రీదేవికి ఎరుపు. వాటా అడిగే అక్కకు పంటరంగు, ఇల్లు వదిలిపోయే చెల్లెలికి నెత్తుటిరంగు. రాజమ్మకు మిగిలింది నీలం. ఈ అక్కచెల్లెళ్ళు ముగ్గురూ ఆ బోనుపట్ల మూడు వైఖరులు. ఒకరు అందులో తన భాగం అడిగారు. ఒకరు దాన్ని వదిలి పారిపోయారు. ఒకరు దాన్ని రోజూ ఊడ్చి, కడిగి, లోపలివాడికి తిండి పెట్టారు. మూడో మనిషి లేకపోతే ఆ బోను ఒక్కరోజు కూడా నిలబడేది కాదు. ఈ విషయం మా చర్చలో చాలాసేపటిదాకా ఎవరికీ తట్టలేదు.

రాజమ్మ పాత్ర ధరించింది మన తెనాలి బిడ్డ శారద. అడూర్ మొదటి చిత్రం ‘స్వయంవరం’లోనూ ఆమే కథానాయిక. 1972లో వచ్చిన ఆ చిత్రానికి ఆమెకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం లభించింది. ఆ చిత్రం కూడా తేలని ముగింపుతోనే ఆగుతుంది. భర్త చనిపోయి, చంటిబిడ్డతో ఒంటరిగా ఉన్న సీత మూసిన తలుపువైపు చూస్తూ ఉంటుంది. తలుపు తీస్తుందో లేదో దర్శకుడు చెప్పడు. అక్కడ తలుపు ముందు ఒక స్త్రీ, ఇక్కడ నీళ్ళలో ఒక పురుషుడు. తర్వాత ఏమవుతుందన్న ప్రశ్న రెండుచోట్లా ప్రేక్షకుడి చేతికే వస్తుంది.

4

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. ఈ చిత్రాన్ని ‘సంప్రదాయానికీ ఆధునికతకూ సంఘర్షణ’ అని చాలామంది అంటారు. ఇందులో సంప్రదాయం ఎవరు? ఉణ్ణి అనుకుంటాం. నాకు సందేహం ఉంది.

నాయర్ల సంప్రదాయం మరుమక్కత్తాయం. అంటే వంశం తల్లివైపు నుంచి సాగుతుంది. ఆస్తి ఏ ఒక్క పురుషుడిదీ కాదు, తల్లిపేగు పంచుకు పుట్టినవాళ్ళందరిదీ. మగవాళ్ళలో పెద్దవాడు ‘కారణవర్’ అనే పేరుతో దాన్ని చూసుకునే నిర్వాహకుడు మాత్రమే. అతని సొంతపిల్లలు వాళ్ళ తల్లి తరవాడుకు చెందుతారు. అతని అక్కచెల్లెళ్ళ పిల్లలే ఈ తరవాడుకు చెందుతారు. ఈ లెక్కన జానమ్మ వాటా అడగడం సంప్రదాయానికి ఎదురు తిరగడం కాదు. ఆమె పిల్లలది కూడా ఆ ఇల్లే. ఉమ్మడి ఆస్తిని పంచుకునే హక్కును తిరువాన్కూరులో 1925 నాటి నాయర్ రెగ్యులేషనే ఇచ్చింది. జానమ్మ అడుగుతున్నది తాతలనాటి హక్కు, చట్టం ఒప్పుకున్న హక్కు.

మరి ఉణ్ణి కాపాడుతున్నది దేన్ని? ఆ సంప్రదాయంలో స్త్రీలకున్న హక్కును అతను కాపాడలేదు. పెద్దవాడిగా తనకున్న బాధ్యతను కాపాడలేదు. చెల్లెలికి పెళ్ళి చెయ్యలేదు, మేనల్లుణ్ణి చేరదీయలేదు, కొబ్బరికాయల దొంగలు పడ్డ రాత్రి బయటికి అడుగు పెట్టలేదు. అతను సంప్రదాయంలోంచి ఏరుకుని దాచుకున్నది ఒక్కటే. ఆడవాళ్ళ చాకిరీ. వేడినీళ్ళు, వేళకు అన్నం, ఉతికిన బట్ట. హక్కుల వంతు వచ్చేసరికి సంప్రదాయం చెల్లదు. సేవల వంతు వచ్చేసరికి సంప్రదాయం పవిత్రం. ఇది కేరళకు మాత్రమే పరిమితమైన విషయమా? సంప్రదాయం పేరుతో మాట్లాడేవాళ్ళు ఎక్కడైనా ముందు ఈ ఏరివేత జరిపాకే మాట్లాడతారని మనకు తెలుసు.

ఆధునికత సంగతి కూడా అంతే. ఉణ్ణి పత్రిక చదువుతాడు. లోకంలో జరిగేదంతా అతనికి తెలుసు. అయినా అతను ఆధునికుడు కాలేదు. చదివినది అతని ఒంటికి నూనె అంటినంత కూడా అంటలేదు. శ్రీదేవి ఇల్లు వదిలిపోవడాన్ని ఆధునికత విజయం అనగలమా? ఆమె ఎవరితో, ఎలాంటి జీవితంలోకి వెళ్ళిందో చిత్రం చెప్పదు. బోనులోంచి బయటపడటం వేరు, బతుకు దొరకడం వేరు. దర్శకుడు ఈ రెంటినీ కలిపెయ్యలేదు. కాబట్టి ఈ చిత్రంలో సంప్రదాయం ఒకవైపు, ఆధునికత ఒకవైపు బారులు తీరి నిలబడలేదు. నిలబడింది రెండే పక్షాలు. ఒకటి పనిచేసేవాళ్ళు, రెండోది వాళ్ళ పని మీద బతికేవాడు. సంప్రదాయం, ఆధునికత అనేవి ఆ రెండోవాడు అవసరాన్నిబట్టి కప్పుకునే దుప్పట్లు.

5

ఇప్పుడు చివరి దృశ్యాన్ని మళ్ళీ చూద్దాం. దాన్ని అర్థం చేసుకోవడానికి రెండు పాత దృశ్యాలు గుర్తు తెచ్చుకోవాలి.

ఒకటి, ఉణ్ణి ఒకసారి పొరుగూరికి బయలుదేరతాడు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు. దారికి అడ్డంగా వాననీటి మడుగు ఉంటుంది. బురద తగలకుండా దాటే మార్గం లేదు. కాసేపు అటూ ఇటూ చూసి వెనక్కి ఇంటికి వచ్చేస్తాడు. జానెడు నీళ్ళలో కాలు పెట్టలేని మనిషిని చివర నిలువునా కొలనులో ముంచుతారు. మడుగుకూ కొలనుకూ మధ్యనే చిత్రమంతా ఉంది. తానుగా ఒక్క అడుగు వెయ్యనివాణ్ణి చరిత్ర మోసుకెళ్ళి పడేస్తుంది. ఇక్కడ నీరు చేసిన పని శుద్ధి కాదు. అతను జీవితమంతా తప్పించుకు తిరిగిన తడిని అతనికి తగిలించడం.

రెండోది, శ్రీదేవి ఎలుకల్ని ముంచే దృశ్యం. అక్కడ ఎలుక చస్తుంది. ఇక్కడ ఉణ్ణి లేస్తాడు. ఉపమానం పూర్తిగా సరిపోవలసిన చోట దర్శకుడు కావాలనే దాన్ని తప్పించాడు. ఎందుకు? ఎలుకను బోనుతో సహా ముంచుతారు. అందుకే అది చస్తుంది. ఉణ్ణిని మాత్రం బోనులోంచి, అంటే ఆ ఇంట్లోంచి, బయటికి లాగి నీళ్ళలో పడేశారు. కాబట్టి అతనికి పైకి లేచే వీలుంది. ఆ రాత్రి వచ్చినవాళ్ళు శిక్షించడానికే వచ్చారో, లేక తాము చేస్తున్నది అదని తెలియకుండానే విడిపించారో తేల్చలేం. ఒకే పని శిక్షగానూ విడుదలగానూ ఉండటమే ఈ ముగింపులోని అస్పష్టత. ఇది దర్శకుడి తికమక కాదు. వర్గం నశించడానికీ, ఆ వర్గంలో పుట్టిన మనిషి బతకడానికీ మధ్య ఉన్న నిజమైన వైరుధ్యం.

ఇక్కడ కాలం సంగతి కూడా గమనించాలి. కథ జరిగినట్లు కనిపించేది 1960ల ప్రాంతం. చిత్రం వచ్చింది 1981లో. ఈ మధ్యలో కేరళలో చాలా జరిగింది. 1963 నాటి భూసంస్కరణల చట్టానికి 1969లో చేసిన సవరణ 1970 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి కౌలుదారులను భూమికి హక్కుదారులను చేసింది. హిందూ ఉమ్మడి కుటుంబ వ్యవస్థ రద్దు చట్టం 1976 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చి తరవాడు అనే చట్టపరమైన చట్రాన్నే తీసేసింది. చిత్రం చూసే మలయాళ ప్రేక్షకుడికి ఉణ్ణి వర్గం కింద నేల జారిపోయిందన్న సంగతి ముందే తెలుసు. ఆ పతనాన్ని మళ్ళీ ప్రకటించడానికి 1981లో ఒక చిత్రం తియ్యనక్కరలేదు. చట్టం భూమిని తీసుకున్నాక కూడా ఉణ్ణి ఏమయ్యాడన్నదే అప్పటికి మిగిలిన ప్రశ్న. చిత్రం ఇచ్చిన జవాబు: అతను చావలేదు, నీళ్ళలోంచి లేచాడు. భూస్వామి పోయాడు, భూస్వామి అలవాట్లు మిగిలాయి. దర్శకుడు కూడా అలాంటి వాతావరణంలోనే పుట్టి పెరిగినవాడు. ఉణ్ణిని ఎక్కడా వెక్కిరించకుండా, ఎక్కడా క్షమించకుండా చూపగలగడానికి అదొక కారణం కావచ్చు.

ఈ చిత్రానికి 1982లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి సదర్లాండ్ ట్రోఫీ వచ్చింది. విదేశీ బహుమతి వచ్చిన చిత్రాన్ని అనుమానంగా చూసే అలవాటు మనలో కొందరికి ఉంది. ఆ అనుమానం ప్రతిసారీ తప్పని నేననను. కాని ఈ చిత్రం మీద రావలసిన విమర్శ బహుమతుల గురించి కాదు. ఆ గాదెను నింపినవాళ్ళు, అంటే పొలంలో పనిచేసినవాళ్ళు, కథ అంచుల్లోనే ఉండిపోయారు. చివర వచ్చినవాళ్ళు చీకట్లో వచ్చి చీకట్లో పోయారు. ఉణ్ణి భయాన్ని అంత దగ్గరగా చూపిన కెమెరా వాళ్ళ కోపాన్ని చూపలేదు. చిత్రాన్ని ఇంటి లోపలినుంచే తియ్యాలని దర్శకుడు నిర్ణయించుకున్నాడు కాబట్టి అది అనివార్యమే కావచ్చు. అయినా అది పరిమితే. ముగింపును పీడకలగా కొట్టిపారేసే వీలు మూడో వ్యాఖ్యానానికి దొరికింది అందువల్లే.

6

ఇదే కాలంలో మన తెలుగులో వచ్చిన రెండు చిత్రాల ముగింపుల పక్కన దీన్ని పెట్టి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’, గౌతమ్ ఘోష్ ‘మాభూమి’ రెండూ 1980లో విడుదలయ్యాయి.

‘శంకరాభరణం’లో సంప్రదాయం అంటే కళ. శంకరశాస్త్రి వేదిక మీద ఒరిగిపోతూ తన వారసత్వాన్ని తులసి కొడుక్కి అప్పగిస్తాడు. తులసి ఆయన పాదాల దగ్గర ప్రాణం విడుస్తుంది. ప్రేక్షకుడు కన్నీళ్ళతో, అయినా నిశ్చింతగా బయటికి వస్తాడు. సంప్రదాయం చేతులు మారింది, నిలిచింది. ఆ చిత్రంలోని సంగీతం గొప్పది, వేశ్యకుటుంబంలో పుట్టిన స్త్రీ కొడుకును వారసుణ్ణి చెయ్యడం మంచి ఆలోచన. కాని ఆ వారసత్వాన్ని అందించడానికి ఒక స్త్రీ తన బతుకంతా ధారపోసి, చివర ప్రాణం కూడా ఇవ్వడం అక్కడ భక్తిగా కనిపిస్తుంది. ‘ఎలిప్పత్తాయం’లో రాజమ్మ కూడా అదే పని చేసింది. అక్కడ అది భక్తిగా కనిపించదు, నొప్పిగా కనిపిస్తుంది. తేడా స్త్రీలలో లేదు. కెమెరా ఎవరి పక్కన నిలబడిందన్న దాంట్లో ఉంది.

‘మాభూమి’ మనది, తెలంగాణ రైతాంగ పోరాటం మీద, కిషన్ చందర్ నవల ఆధారంగా వచ్చిన చిత్రం. దాని ముగింపులో అస్పష్టత లేదు, ఉండనక్కరలేదు. అక్కడ కథానాయకుడు గాదె నింపినవాడు. అతను ఒరిగినా పోరాటం ఆగదన్న నమ్మకంతో చిత్రం ముగుస్తుంది. పోరాడేవాడి కథకు ఆ ముగింపు సహజం. ఏమీ చెయ్యనివాడి కథకు మాత్రం ఆ ముగింపు అతకదు. అన్ని కథలకూ ఒకే ముగింపు కోరడం నిబద్ధత కాదు. చీకటి కథ చివర ఎర్రటి సూర్యోదయం తగిలించనందుకు రచయితను తప్పుపట్టిన సమీక్షలు నేనూ రాశాను. ఇవాళ వాటిని తిరిగి చూసుకుంటే, నేను కథను చదవలేదని, ముగింపు కింద సంతకం కోసం మాత్రమే వెతికానని అనిపిస్తుంది.

7

మా ఆదివారం చర్చ దాదాపు ముగిసింది. భూస్వామ్య పతనం అన్నవాళ్ళూ, శుద్ధి అన్నవాళ్ళూ, పీడకల అన్నవాళ్ళూ అలసిపోయారు. అంతసేపూ వెనకవరసలో కూర్చున్న ఒక టీచరమ్మ అప్పుడు లేచి, “అందరూ ఉణ్ణి లేచాడా మునిగాడా అని గంటనుంచీ మాట్లాడుతున్నారు సరే. రాజమ్మ ఏమైందండీ?” అని అడిగింది.

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె ఏమైందో చిత్రంలో నిజంగానే చెప్పలేదు. కాని మాకు జవాబు తెలియకపోవడం అసలు సమస్య కాదు. ఆ ప్రశ్న మాకు తట్టనే లేదు. చివరి దృశ్యం అస్పష్టంగా ఉందని రెండు గంటలు వాదించిన మేము, అంతకుముందే తెర మీంచి మాయమైన మనిషి గతి కూడా అస్పష్టమేనని గమనించలేదు. ఊరివాళ్ళు ఇద్దరిని ఆ ఇంట్లోంచి మోసుకెళ్ళారు. ఒకరు రాజమ్మ, ఒకరు ఉణ్ణి. నీళ్ళలోంచి లేచింది ఒక్కరే.

ఆ ప్రశ్నతో చివరి దృశ్యం నాకు మరోలా కనిపించింది. ఉణ్ణి తడిసి వణుకుతూ నిలబడ్డాడు. ఇప్పుడు అతనికి పొడిబట్ట ఎవరిస్తారు? నలభై ఏళ్ళుగా ఇచ్చిన చెయ్యి లేదు. ఆ క్షణంలో అతని ముందు రెండే దారులున్నాయి. తన తల తాను తుడుచుకోవడం, లేదా మరో రాజమ్మ కోసం కేకవెయ్యడం. ఉణ్ణి మారాడా లేదా అన్న ప్రశ్నకు జవాబు అక్కడ ఉంది. నీళ్ళలోంచి లేవడంలో లేదు, లేచాక మొదట చేసే పనిలో ఉంది. దర్శకుడు సరిగ్గా ఆ పనికి ముందు చిత్రాన్ని ఆపేశాడు.

ఇందాక చెబుతానన్న కారణం ఇదే. నేను పాఠాలు చెప్పుకుంటూ, ప్రైవేటుగా చదివి ఎమ్.ఏ. పూర్తిచేసిన రోజుల్లో ఇంట్లో మా అక్క ఉండేది. ఆమె పెళ్ళి ఏటికేడు వాయిదా పడింది. కట్నం కుదరలేదన్నాం, ఈడూ జోడూ కుదరలేదన్నాం. వ్యవస్థను తిట్టాం. అవన్నీ నిజమే. కాని ఆమె తెల్లవారుజామున లేచి కాఫీ పెట్టి ఇస్తే తాగి, నేను స్త్రీవిముక్తి మీద వ్యాసం రాసుకున్న మాట కూడా నిజమే. ఆ కాఫీ ఎలా వచ్చిందని నా వ్యాసం అడగలేదు. ఆ ఆదివారం రాత్రి ఇంటికి వెళ్ళి కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళ కోసం అలవాటుగా లోపలికి కేక వెయ్యబోయి ఆగాను. లేచి వెళ్ళి తెచ్చుకున్నాను. ఇందులో గొప్పేమీ లేదు. నడివయసులో ఒక మగవాడు గ్లాసు నీళ్ళు తనే ముంచుకోవడం వార్త అయిందంటే, బోను ఎంత దగ్గర్లో ఉందో తెలుస్తుంది.

తెలంగాణలో గడీలు పాడుబడ్డాయి. కోస్తాలో జమీందార్ల బంగళాలు కాలేజీలూ కార్యాలయాలూ అయ్యాయి. ఇళ్ళు కూలిపోయినంత తేలిగ్గా ఇంట్లోని అలవాట్లు కూలవు. చట్టం భూమిని పంచగలదు, ఆస్తిలో వాటా ఇప్పించగలదు. ఎవరు ఎవర్ని కేకేస్తున్నారు, ఎవరు లేచి వెళుతున్నారు అన్నది మాత్రం చట్టం ఇంకా పూర్తిగా చేరని చోటు. ‘ఎలిప్పత్తాయం’ తన కథను ఆ చోట పెట్టింది. అందుకే దాని ముగింపు తేలలేదు. మన ఇళ్ళలో తేలనిది తెర మీద ఎలా తేలుతుంది?

అభ్యుదయ విమర్శ ప్రతీకలకు అర్థాలు చెప్పి సరిపెట్టుకోకూడదు. ‘ఇది భూస్వామ్యం, అది పతనం’ అని చీటీలు అంటించడం వల్ల చిత్రం అర్థమైనట్లు మనకు తృప్తి కలుగుతుంది కాని, చిత్రం మనల్ని అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ముగింపు అస్పష్టంగా కనిపించినప్పుడు మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘దీనికి అర్థమేమిటి?’ అన్నది కాదు. ‘ఈ ముగింపుకు ముందే కథలోంచి జారిపోయినవాళ్ళెవరు? వాళ్ళ శ్రమ మీద నిలబడినదేది?’ అన్నది. ఆ ప్రశ్న వేసిన టీచరమ్మ ఏ విమర్శ గ్రంథమూ చదివి ఉండకపోవచ్చు. మా అందరికన్నా ఆమే చిత్రాన్ని సరిగ్గా చూసింది.